ఇస్త్రీ పెట్టె దించి కొండెక్కిన కాక

మొన్న ఆదివారం పొద్దున షార్జా ఇండస్ట్రియల్ ఏరియాలో, మా లాండ్రీ వెనకాల వ్యాన్‌లోకి దుప్పట్ల మూటలు ఎక్కిస్తుంటే ఫోను మోగింది. చేసింది అనంతపురం జిల్లా నుంచి కాక కొడుకు. "అన్నా, నాయన పోయినాడన్నా" అన్నాడు. సెలవు మీద ఊరికి వెళ్ళిన మనిషి, టీ తాగి గ్లాసు కింద పెడుతూ గుండె పట్టుకుని పక్కకు ఒరిగాడట. ఆసుపత్రికి చేర్చేలోపే అయిపోయింది. ఆ అబ్బాయి కాసేపు ఏడ్చి ఒక్క మాట అడిగాడు. "ఆ కొండ మీద ముసలాయనకు, ఆ గాడిదలకు మీరే చెప్పాలన్నా. ఊరికొచ్చినప్పటి నుంచీ మా నాయనకు వాళ్ళ ధ్యాసే."

గాడిదలకు కూడా చెప్పాలట. ఏడుస్తూనే నవ్వేశాను. కాకను తలచుకుంటే ఎంతటి దుఃఖంలోనైనా ఎక్కడో ఒకచోట నవ్వు వచ్చి తీరుతుంది. అందుకే ఈ నాలుగు మాటలు రాయాలనిపించింది.

ఆయన నాకు చుట్టం కాదు. నాది నిర్మల్ దగ్గర పల్లె, ఆయనది అనంతపురం వైపు. వయసులో పెద్దవాళ్ళను మా దిక్కున కాకా అంటాం కాబట్టి క్యాంపులో ఒకే గదిలో పడ్డ మొదటి రోజే కాకా అన్నాను. "నన్ను కాకి అంటాండావేమప్పా?" అని ఆయన నిజంగానే కోపం తెచ్చుకున్నారు. అర్థం చెప్పాక ఆ పిలుపు ఎంత నచ్చిందంటే, తర్వాత గదిలో ఎవరు పేరు పెట్టి పిలిచినా పలికేవారు కాదు.

మా లాండ్రీలో హోటళ్ళ దుప్పట్లు, దిండుగలీబులు ఉతుకుతారు. కాక ఇస్త్రీ బల్ల దగ్గర ఉండేవారు, నేను వ్యాన్ డ్రైవర్ని. ఆయన చేతిలో పడ్డ గుడ్డ ఏదైనా నాలుగు మూలలూ కలిసి తీరాల్సిందే. టీ కొట్టులో చేతులు తుడుచుకోమని ఇచ్చిన కాగితాన్ని కూడా మడిచి, గోటితో గీటు పెట్టి జేబులో పెట్టుకునేవారు.

కరోనా వచ్చిన ఏడాది హోటళ్ళు మూతపడ్డాయి. దుప్పట్లు రావడం ఆగిపోయింది. మిషన్ల పక్కన ఊరికే కూర్చుని ఉన్న మా దగ్గరికి ఒకరోజు అర్బాబ్ వచ్చాడు. అర్బాబ్ అంటే మా యజమాని. రాస్ అల్ ఖైమా కొండల్లో వాళ్ళ నాన్న ఉంటాడనీ, అక్కడ పనిచేసే బంగ్లాదేశ్ మనిషి సెలవుకు వెళ్ళి విమానాలు లేక ఇరుక్కుపోయాడనీ చెప్పి, హిందీలో అడిగాడు. "గాడిదల పని ఎవరికి వచ్చు?"

అందరం పకపకా నవ్వాం. ఒక్క కాక నవ్వలేదు. అలవాటుకొద్దీ చేతిలో పట్టుకుని ఉన్న చల్లటి ఇస్త్రీ పెట్టెను బల్ల మీద పెట్టి లేచి నిలబడ్డారు. "నాకు వస్తాది" అన్నారు తెలుగులో. తర్వాత హిందీలో మళ్ళీ చెప్పారు.

అప్పటిదాకా ఆ సంగతి మాకెవరికీ తెలియదు. వాళ్ళది చాకలి వృత్తి. చిన్నప్పుడు ఇంటి నిండా గాడిదలు. మాసిన గుడ్డల మూటలు చాకిరేవుకు మోసేవీ అవే, ఆరిన గుడ్డలు ఇంటికి తెచ్చేవీ అవే. బడిలో పిల్లలు ఆయన్ను చూసి ఓండ్ర పెట్టి ఏడిపించేవారట. అందుకే ఆ మాట ఎక్కడా ఎత్తేవారు కాదు. ఆ రోజు వ్యాన్‌లో కొండలకు తీసుకెళ్తుంటే దారిపొడవునా చెప్పుకొచ్చారు. "దుబాయొచ్చి ఇన్నేండ్లకు, నాకు నిజంగా వచ్చిన పని యాడుందో ఇప్పుడు తెలిసిందప్పా" అన్నారు. పెళ్ళికొడుకులా వెలిగిపోతున్నారు.

కొండ అడుగున, రాళ్ళ వాగు పక్కన ఒక చిన్న ఇల్లు. అక్కడుంటారు అర్బాబ్ వాళ్ళ నాన్న. ఇక్కడ పండు ముసలివాళ్ళను షైబా అంటారు, మేమూ అదే అన్నాం. ఆయన తోట మాత్రం పైన, పాత ఊరి దగ్గర ఉంది. రాతి కట్టల మీద మెట్లు మెట్లుగా ఖర్జూరం చెట్లు. అక్కడికి రోడ్డు లేదు. తాతల నాటి కాలిదారి ఒక్కటే. ఎరువు పైకి పోవాలన్నా, పండు కిందికి రావాలన్నా ఆ నాలుగు గాడిదలే దిక్కు.

కాక వాటి దగ్గరికి వెళ్ళి ముందు వీపులు చూశారు. ప్లాస్టిక్ తాళ్ళు ఒరుసుకుని పుండ్లు పడ్డాయి. షైబా వైపు తిరిగి, వీటి మీద ఇప్పుడప్పుడే బరువు వేయడానికి లేదన్నట్టు చేతులు అడ్డంగా ఊపారు. ఆ మాటకు షైబా కోప్పడతారేమోనని నేను భయపడ్డాను. ఆయన కాక భుజం తట్టి, ఖర్జూరాల పళ్ళెం ముందుకు జరిపారు. ఒకరి భాష ఒకరికి రాదు. సగం హిందీ, సగం సైగలు, అయినా ఇద్దరూ రోజంతా కబుర్లు చెప్పుకునేవాళ్ళు.

వారం వారం సరుకులు దింపడానికి వెళ్ళేవాణ్ణి. చిరిగిన హోటల్ కంబళ్ళు తెమ్మని కాక ఫోను చేసేవారు. అర్బాబ్‌ను అడిగి పట్టుకెళ్తే, వాటిని దొంతరగా కుట్టి గాడిదల వీపులకు మెత్తటి బొంతలు చేశారు. మూట కట్టడం నాకూ నేర్పారు. "బరువు గాడిద మోస్తాదనుకుంటారప్పా అందరూ. సగం బరువు ముడి మోయల్ల" అనేవారు. నేను కట్టిన మూట ప్రతిసారీ ఒక పక్కకు జారేది. కాక విప్పి మళ్ళీ కట్టేవారు. తిట్టేవారు కాదు కానీ, గాడిదతో నా గురించి ఏదో చెప్పేవారు. హోటళ్ళు తెరిచాక కూడా ఆయన ఇస్త్రీ బల్ల దగ్గరికి తిరిగి రాలేదు. షైబా వదల్లేదు, ఆయనకూ రావాలని లేదు.

ఇంట్లో మాత్రం ఇది చిన్న గొడవైంది. వీడియో కాల్‌లో గాడిదలు కనబడగానే వాళ్ళావిడ తల కొట్టుకుంది. "వాటిని వదిలించుకోడానికి గదా నిన్ను దుబాయ్ పంపింది! కొడుక్కి సంబంధాలు చూస్తాండాం. నాయన ఏం చేస్తాడంటే ఏం చెప్పల్ల?"

"కొండమీద షేక్‌తో కలిసి తిరుగుతాండాడని చెప్పు, అబద్ధమేం గాదు" అన్నారు కాక. ఆమె ఫోను పెట్టేసింది. ఈయన మాత్రం ఆ పూటంతా నవ్వుకుంటూనే ఉన్నారు.

అసలు చిక్కు ఆ తర్వాతి సంవత్సరం వచ్చింది. ఆ లోయను రక్షిత ప్రాంతం చేశారు. ఆ రాళ్ళలో తహర్ అనే కొండమేకలు ఉంటాయి. చాలా అరుదైన జంతువులు, ఈ కొండలు దాటితే ఇంకెక్కడా బతకవట. వాటి కోసం లోయ మొదట్లో గేటు పెట్టారు. బయటివాళ్ళ బండ్లు రాకూడదు, పెంపుడు జంతువులు ఉండకూడదు. వచ్చే వేసవిలోపు గాడిదల్ని తరలించాలన్నారు.

షైబాను తనతో పాటు ఊళ్ళోకి తీసుకెళ్తానని అర్బాబ్ అన్నాడు. ఆయన తోట వైపు చూస్తూ కూర్చున్నారు. ఆ వారం నేను వెళ్తే ఆయనా కాకా ఇద్దరూ అన్నం ముట్టలేదు. గాడిదలు పోతే తోట ఎండుతుంది, తోట ఎండితే ఆ పెద్దమనిషి ఉండరు. ఇది నాకే అర్థమైంది, ఇక కాకకు చెప్పాలా?

ఆ రక్షిత ప్రాంతం తరఫున వచ్చిన ఆఫీసరు చిన్న వయసు అరబ్బు అమ్మాయి. కొండ బూట్లు వేసుకుని కాక కంటే వేగంగా ఎక్కేది. హిందీ బాగా వచ్చు. కాక ఆమెను వెంటబెట్టుకుని దారంతా చూపించారు. నాలుగింట్లో తెల్లదాన్ని తోలుకుంటూ నేను వెనక నడిచాను. "తరతరాలుగా ఈ దారిలో నడిచినాయి బేటీ. ఏం చెడిపోయింది?" అని అడిగారు.

ఆమె ఒకచోట ఆగి, వంగి ఒక చిన్న మొక్క చూపించింది. సిద్ర్ మొక్క, అంటే మన రేగు. తల తెగి ఉంది. చుట్టూ ఇంకొన్ని, అన్నీ మొండి కాడలే. "పెద్ద చెట్లు ముసలివైపోతున్నాయి. పిల్లమొక్క ఒక్కటీ బతకడం లేదు. ఎవరు తిన్నారు చాచా?"

"కొండమేకలేమో."

"దారి పక్కనవి మాత్రమేనా?"

కాక ఆ మొక్క ముందు గొంతుక్కూర్చున్నారు. కొరికిన చోటు చూశారు. తర్వాత వెనక్కి తిరిగి, ఏమీ ఎరగనట్టు నిలబడి నములుతున్న తెల్లగాడిద మూతి చూశారు. మూతికి పచ్చటి ఆకు ఇంకా అంటుకుని ఉంది. ఇక ఆపుకోలేక పెద్దగా నవ్వేశారు. "నీ మాటే నిజం బేటీ. దొంగ దొరికిపోయినాడు."

ఆమె కూడా నవ్వింది. కానీ నవ్వితే నిబంధన మారదు కదా. కాక దిగివస్తూ నాతో అన్నారు. "ఆ పిల్లకు చెట్లంటే ప్రాణమప్పా. మనకు గాడిదలంటే ప్రాణం. ఇందులో తప్పు యాడుంది? మూతి దగ్గర ఉంది. ఆ మూతికే ఏదో ఒకటి చేయల్ల."

మర్నాడు ఫోను చేసి లాండ్రీలో మేజోళ్ళు ఉతికే వల సంచులు పాతవి ఉంటే పట్టుకు రమ్మన్నారు. పట్టుకెళ్ళాను. మన దగ్గర కళ్ళంలో ఎద్దులు గింజ తినకుండా మూతికి చిక్కం కడతారు చూడండి, అలా నాలుగు చిక్కాలు కుట్టారు. గాలి ఆడుతుంది, గడ్డి అందదు. పైకి చేరాక విప్పి, వెంట మోసుకెళ్ళిన మేత అక్కడే పెట్టాలని ఆయన ఆలోచన. తెల్లగాడిదకు మొదటిసారి కట్టినప్పుడు అది అవమానపడినట్టు ముఖం తిప్పుకుంది. కాక ఎంతోసేపు దాని చెవులు నిమురుతూ బతిమాలారు.

ఆఫీసరమ్మ మళ్ళీ వచ్చినప్పుడు నాలుగు గాడిదలూ చిక్కాలతో వరసగా నిలబడి ఉన్నాయి. ఒకదాని మూతి మీద సంచితో పాటు వచ్చిన హోటల్ పేరు అలాగే ఉంది. ఆమె దాన్ని చదివి రాతి మీద కూలబడి కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వింది. తర్వాత సీరియస్‌గానే మాట్లాడింది. పాత దారి దాటకూడదు, కొత్త గాడిదను తేకూడదు, మొక్కలు మొలిచే నెలల్లో ఎక్కకూడదు. ఒక చలికాలం చూద్దాం, ఆ తర్వాత పెద్దవాళ్ళతో మాట్లాడతాను అంది. కాక అన్నింటికీ తల ఊపారు. "మొలకలు వచ్చే నెలల్లో నేనే నెత్తిన మోస్తాలే" అన్నారు. అన్నట్టే మోశారు కూడా.

ఆ చలికాలం నాకు మరచిపోలేనిది. పైన ఎప్పటివో పగిలిన ప్లాస్టిక్ పైపులు, విహారానికి వచ్చినవాళ్ళు వదిలేసిన చెత్త గుట్టలుగా ఉండేవి. గాడిదలు ఎరువుతో పైకి వెళ్ళి, ఆ చెత్తతో కిందికి వచ్చేవి. ఒకరోజు ఆఫీసరమ్మతో పాటు నేనూ వెంట నడిచాను. మలుపు తిరగగానే ముందున్న కాక చెయ్యెత్తి ఆగమన్నారు. ఎదురుగా రాతి అంచు మీద ఒక కొండమేక, దాని పక్కన పిల్ల. అవి మమ్మల్ని కాదు, గాడిదల్ని చూస్తున్నాయి. పారిపోలేదు. గాడిదలు తమ పాటికి తాము నడిచిపోతుంటే తల్లిమేక కాసేపు చూసి, మళ్ళీ మేతలో పడింది.

ఆ అమ్మాయి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఇన్నాళ్ళూ చెట్టుకు కట్టిన కెమెరాల్లో చూడటమే తప్ప, ఇంత దగ్గరగా ఎప్పుడూ చూడలేదట. కాక నా చెవిలో గుసగుసలాడారు. "మూతికి గుడ్డ కట్టినారేందిరా వీటికి, వీటికీ కరోనానా అనుకుంటాందప్పా ఆ మేక."

నేను నవ్వు ఆపుకోలేక రాతి వెనక్కి పరుగెత్తాను.

వేసవికి ముందు ఆ అమ్మాయి స్వయంగా వచ్చి చెప్పింది. షైబా గాడిదలు ఉండొచ్చు. పాత దారిలో, అవే కట్టుబాట్లతో. షైబా లేచి ఆమె తల మీద చెయ్యి పెట్టారు. కాక మాత్రం తెల్లగాడిద దగ్గరికి వెళ్ళి నుదురు దాని నుదుటికి ఆనించి చాలాసేపు అలాగే నిలబడ్డారు. మేం అటు చూడనట్టు టీ తాగాం.

ఆ తర్వాత బడిపిల్లలు రావడం మొదలైంది. అరబ్బు పిల్లలు వరసగా కూర్చుంటే కాక వాళ్ళకు మూట కట్టడం నేర్పేవారు. తీరిక దొరికితే ఖాళీ గోనెసంచుల్ని హోటల్ దుప్పట్లలా మడతపెట్టి పేర్చేవారు. ఒక ఫోటోలో ఆయన మధ్యలో, చుట్టూ పిల్లలు, వెనక గాడిదలు. ఆ ఫోటో ఊరికి పంపితే వాళ్ళావిడ ఇంటికి వచ్చిన వియ్యాలవారికి మొదట అదే చూపించిందట. ఇక అప్పటినుంచి ఫోను చేస్తే ముందు "తెల్లది బాగుందా?" అనేది, ఆ తర్వాతే మొగుడి యోగక్షేమాలు. "నా ఇంట్లో నాకంటే దానికే మర్యాద ఎక్కువైపోయిందప్పా" అని కాక ఫిర్యాదు చేసేవారు. చెప్పేటప్పుడు ముఖం చూడాలి.

కొడుకు అడిగినట్టే ఆ కబురు నేనే మోసుకెళ్ళాను. షైబా ఇప్పుడు ఎక్కువ నడవలేరు. తిరిగి వచ్చిన బంగ్లాదేశ్ మనిషి గాడిదల్ని చూసుకుంటున్నాడు. సరుకుల రోజు కాని రోజు ఖాళీ చేతులతో వచ్చిన నన్ను చూడగానే షైబాకు సగం అర్థమైంది. మిగతా సగం నేను హిందీలో చెప్పాను. ఆయన కళ్ళు మూసుకుని తమ ప్రార్థన ఏదో చదివారు. నా చెయ్యి వదల్లేదు. గాడిదలకూ చెప్పాలి కదా. తెల్లగాడిద దగ్గరికి వెళ్ళి దానికీ చెప్పాను. ఏం చెప్పానో నన్నడగకండి.

లేచి వచ్చేస్తుంటే షైబా కర్ర అందుకున్నారు. పనివాణ్ణి పక్కకు జరగమని, మేత మూటలు ఎక్కించిన గాడిదల వెనక తానే నడిచారు. వద్దన్నా వినలేదు. బంగ్లాదేశ్ మనిషి నాలుగడుగులు వెనకగా తోడు వెళ్ళాడు. నేను కింద నిలబడి చూస్తున్నాను. గాడిదలు ఒక్కొక్కటే మలుపు తిరిగాయి. చివరగా షైబా తొడుక్కున్న తెల్లటి పొడుగు అంగీ, కందూరా కూడా రాతి చాటుకు వెళ్ళిపోయింది. ఇక గిట్టల చప్పుడే వినబడుతోంది. అంతలో పైనుంచి ఆ అరబ్బు ముసలి గొంతు, గాడిదల్ని అదిలిస్తూ, లోయంతా మోగేలా వినిపించింది.

"పదప్పా... పద పద... నిదానం, నిదానమప్పా!"