ట్రాలీ వెనక వేలాడిన నా పాత చెప్పు

ఇప్పుడు దాచి ప్రయోజనం లేదు. ఆ ట్రాలీని చూసిన మొదటి రోజే నా కళ్ళు కుట్టాయి.

దిల్‌సుఖ్‌నగర్‌లో మా వీధి చివర కర్రీ పాయింట్ నడిపే ఆమె నాకు ఆదివారాల సైకిల్ తోడు. నల్గొండ వైపు పల్లె నుంచి వచ్చింది, నాకన్నా ఆరేళ్ళు చిన్నది. నేను గుంటూరు వాళ్ళ అమ్మాయిని, ఇక్కడే ఒక కోచింగ్ సెంటర్‌లో ఫిజిక్స్ చెబుతాను. ఆమెకు సైకిల్ నేర్పింది నేనే. సరూర్‌నగర్ చెరువు పక్క రోడ్డు మీద వారం రోజులు సీటు పట్టుకుని వెనకాల పరుగెత్తాను. అప్పటి నుంచి నన్ను నోరారా "అక్కా" అని పిలిచేది. గేరు మార్చాలన్నా, చక్రంలో గాలి చూడాలన్నా, "ఆగుర్రి, అక్కనడుగుత" అనేది. తర్వాత మా కాలనీ ఆడవాళ్ళు ఇంకో ముగ్గురు చేరారు. అయినా ఎటు వెళ్ళాలో, ఏ హోటల్లో టీ తాగాలో చెప్పేది నేనే. ఎల్బీ నగర్ చౌరస్తా దాటించి వాళ్ళను మొదటిసారి హైవే ఎక్కించింది కూడా నేనే.

సెంటర్‌లో పిల్లలు నా మాట మార్కుల కోసం వింటారు. ఇంట్లో ఎవరూ వినరు. ఆదివారం పొద్దున మాత్రం నలుగురు మనుషులు నా వెనక సైకిల్ తొక్కేవారు. సిగ్గు విడిచి చెబుతున్నాను, ఆ ఒక్క పూట కోసమే మిగతా వారమంతా గడిపేదాన్ని.

ఊరి బయట టెంట్లు వేసుకుని ఒక రోజు ఉండి వద్దామన్న ఆలోచన నాదే. ఇబ్రహీంపట్నం దాటాక తన మేనమామకు మామిడితోట ఉందని, అక్కడ దిగొచ్చని ఆమె అంది. నేను వెంటనే వెనక చక్రానికి రెండు పక్కలా తగిలించుకునే సంచులు తెప్పించాను. వానకు తడవని రకం. టీ హోటల్ ముందు వాటిని పెట్టి, ఏ జేబులో ఏం పెట్టాలో అరగంట సేపు వివరించాను. అందరూ ముట్టుకుని చూశారు. ఆ వైభవం సరిగ్గా రెండు వారాలు నడిచింది.

మూడో ఆదివారం ఆమె ట్రాలీ తగిలించుకుని వచ్చింది.

వాళ్ళాయన ఎల్బీ నగర్ అవతల లారీ బాడీల షెడ్డులో వెల్డింగ్ చేస్తాడు. ఎవరో పారేసిన చిన్నపిల్లల సైకిల్ చక్రాలు రెండు, ఇనప పైపులు, ఒక ప్లైవుడ్ ముక్కతో తయారుచేసిచ్చాడు. పచ్చ రంగు, అంచుకి పసుపు పూలు, వెనక గడియ పెట్టిన బుల్లి తలుపు, అచ్చం లారీ లక్షణాలే. ముందున్న పొడవాటి రాడ్డు ఆమె సీటు కిందికి వచ్చి హుక్కుతో తగులుకుంటుంది. అప్పుడే రైతు బజార్ నుంచి వస్తోంది. లోపల టమాటాలు, సొరకాయలు హాయిగా కూర్చుని ఉన్నాయి.

"టెంట్లు, స్టవ్వు, గిన్నెలు అన్నీ గిండ్లనే ఏస్త. మీరు ఊకె తొక్కుర్రి, సాలు" అంది.

ముగ్గురూ దాని చుట్టూ చేరిపోయారు. అందులో ఒకావిడ నా సంచుల వైపు జాలిగా చూసి, "అయ్యో, మీవి వేస్టయినట్టేనా అండీ?" అంది. నా ముఖం మాడిపోయింది.

"దాన్ని ట్రైలర్ అనాలి, ట్రాలీ కాదు" అన్నాను, ఇంకేమీ తోచక.

"ట్రాక్టర్ ఎనుక ఉండేది మా దిక్కు ట్రాలీనే అక్కా" అని నవ్వేసింది.

ఆ తర్వాత నేను వంకలు వెతకడం మొదలుపెట్టాను. వెనక వచ్చే బండ్లకు కనిపించదన్నాను. మరుసటి ఆదివారానికి ఎర్ర రిఫ్లెక్టర్లు, ఒక జెండా వచ్చాయి. గుంతల్లో ఎగిరి సామాను పడుతుందన్నాను. లోపల పాత రబ్బరు చాప, పైన తాళ్ళు వచ్చాయి. "అక్క చెప్పబట్టే ఇంత మంచిగైంది" అని అందరికీ చెప్పుకుంది. నా ఓర్వలేనితనంతో దాన్ని నేనే బాగుచేసి పెడుతున్నాను. ఇంట్లో ఫోన్‌లో ట్రైలర్లు చూస్తూ కూర్చుంటే మా ఆయన తొంగి చూసి, "ఏంటి, నువ్వూ కూరగాయలు వేస్తావా?" అన్నాడు. ఆ రోజంతా ఆయనతో మాట్లాడలేదు.

బయల్దేరే ముందు రోజు సాయంత్రం ఆమె మా ఇంటికి వచ్చింది.

"అక్కా, మీ పాత చెప్పు ఒకటుంటే ఇయ్యరాదు?"

"ఎందుకమ్మా?"

"దిష్టికి. మస్తు మంది కండ్లు పడ్తున్నయ్ ట్రాలీ మీద. లారీల ఎనుక కడ్తరు గద, గట్ల కడ్త. మీరు నా మంచి కోరెటోళ్ళు. మీదైతేనే పనిచేస్తది."

ఏ కళ్ళు పడుతున్నాయో నాకు తెలుసు. అరుగు కింద నుంచి పట్టీ తెగిన ఎడమకాలి గోధుమరంగు చెప్పు తీసి ఇచ్చాను. ఆమె దాన్ని రెండు చేతులతో అందుకుంది.

మర్నాడు పొద్దున సామాను సర్దుతుంటే నా టెంటు ఇవ్వనన్నాను, నా సంచులు నాకున్నాయన్నాను. ఆమె గిన్నెలు, టెంట్లు అన్నీ లోపలికి తోసి, ఇరవై లీటర్ల నీళ్ళ క్యాన్‌ను చిట్టచివర తలుపు దగ్గర పెట్టింది. కర్రీ పాయింట్ అలవాటు అది. ముందు కావాల్సింది చేతికందేలా ఉండాలి. "దారిల అందరికీ మొదలు నీళ్ళే గావాలె గద" అంది.

నేను చూశాను. బరువంతా ఇరుసుకు వెనక పడింది. ఆ బొమ్మ ఏళ్ళ తరబడి బోర్డు మీద గీస్తున్నదాన్ని. వెనక బరువైతే ముందున్న రాడ్డు పైకి లేస్తుంది, పల్లంలో వేగం అందుకోగానే ట్రాలీ అటూ ఇటూ ఊగి సైకిల్‌ను కూడా లాగేస్తుంది. ఆ క్యాన్ ముందుకు జరపమని ఒక్క మాట అంటే అయిపోయేది. ఆ మాట గొంతు దాకా వచ్చింది. మింగేశాను. ఆమె పడాలని కోరుకోలేదు, ఒట్టు. కాస్త ఊగితే సైకిల్ ఆపి, "అక్కా, ఇదెందుకిట్ల అయితుంది?" అని పాత రోజుల్లోలా నన్ను అడగాలని కోరుకున్నాను.

దారంతా ఆమె వెనకే తొక్కాను. నా చెప్పు నా కళ్ళ ముందే వేలాడుతూ వచ్చింది.

తుర్కయంజాల్ దాటాక ఒక చోట రోడ్డు పల్లంలోకి దిగుతుంది. ట్రాలీ మొదట కొద్దిగా ఊగింది, తర్వాత బాగా ఊగింది. ఆమె ఆపి నన్ను అడిగే వ్యవధి లేకపోయింది. కంకర మీదికి జారి సైకిల్‌తో సహా పడిపోయింది. పులిహోర డబ్బా దొర్లుకుంటూ పోయింది. పరుగెత్తి లేపాను. మోచెయ్యి దోక్కుపోయి రక్తం కారుతోంది, మోకాలి దగ్గర బట్ట చిరిగింది. ఆమె మొదట ట్రాలీ వెనక వేలాడుతున్న చెప్పు వైపు చూసింది.

"చెప్పు ఉండంగ గూడ తగిలింది సూడక్కా దిష్టి" అంది.

నేను ట్రాలీ తలుపు తీశాను. క్యాన్‌ను ముందుకు లాగి, గిన్నెలు వెనక్కి జరిపి, తాడు బిగించాను. తడుముకోలేదు, వెతుక్కోలేదు. మోచేతికి గుడ్డ చుట్టుకుంటూ ఆమె నా చేతుల వంకే చూస్తోంది.

"మీకు ముందుగాలనే ఎర్కనా అక్కా?"

లేదనొచ్చు. కానీ అంత నమ్మకంగా అడిగిన మనిషితో అబద్ధమాడటానికి నోరు రాలేదు.

"తెలుసు. పొద్దున్నే చూశాను."

"మరి అనలేదేంది?"

ఉన్న జవాబు పైకి చెప్పేది కాదు. తిట్టి ఉంటే నేనూ ఏదో ఒకటి అని తేలికపడేదాన్ని. ఆమె తిట్టలేదు. సైకిల్ ఎక్కింది. ఆ తర్వాత ట్రాలీ తోట దాకా ఎక్కడా ఊగలేదు.

సాయంత్రం మామిడిచెట్ల కింద టెంట్లు వేశాం. ఆమె దెబ్బ తగిలిన చేత్తోనే స్టవ్వు వెలిగించి అన్నం, టమాటా పప్పు వండింది. ఎప్పటిలాగే మొదటి ప్లేటు నాకే తెచ్చింది.

"తినుర్రి మేడం" అంది.

కర్రీ పాయింట్‌కు వచ్చే గిరాకీలను అలా పిలుస్తుంది. ఆ పప్పు ఎలా ఉందో నాకు గుర్తు లేదు.

పొద్దున లేచి టెంటు జిప్పు తీస్తే ఎదురుగా నా చెప్పు ఉంది. దుమ్ము దులిపి, తిన్నగా పెట్టి ఉంది. ఆమె కొంచెం దూరంలో ట్రాలీకి సామాను ఎక్కిస్తోంది. క్యాన్‌ను తనే ముందు వైపు పెట్టింది.

"ఏరేది కట్టుకుంటలే మేడం" అంది, నా వైపు తిరగకుండానే.

చెప్పును వానకు తడవని సంచిలో పెట్టుకున్నాను. తిరిగి వచ్చేటప్పుడు ఎల్బీ నగర్ చౌరస్తాలో అందరం ఆగాం. టీ ఎక్కడ తాగుదామని మిగతా ముగ్గురూ ఆమెను అడిగారు. ఆమె గుడ్డ కట్టిన చేత్తో నన్ను చూపించింది.

"మేడంనడుగుర్రి. ఆమెకన్నీ ఎర్క."

ముగ్గురూ నా వైపు తిరిగారు. ఎప్పుడూ తాగే హోటల్లోనే అని చెప్పాను.