పందెం గడ్డి

ఆ గడ్డి దుబ్బును మా ఆవిడ బొల్లారంలో ఒక పెద్ద బంగళా గేటు బయట, చెత్తకుప్పలోంచి ఏరింది. పెళ్ళికి వెళ్ళి వస్తున్నాం, ఒంటిమీద పట్టుచీర. దుబ్బు వేళ్ళకున్న మట్టి దులిపి, నా జేబురుమాలు లాక్కుని అందులో చుట్టింది. ఎమ్ఎమ్‌టీఎస్ రైల్లో సికింద్రాబాద్ దాకా దాన్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటే నాకు తల కొట్టేసినట్టయింది.

"పారేశారంటే పిచ్చిగడ్డేగా?" అన్నాను.

"బంగళా వాళ్ళు పిచ్చిగడ్డి ఎందుకు పెంచుతారు? ఇది పూస్తుంది చూడండి. పూస్తే జీవితాంతం పొద్దుటి కాఫీ మీరే పెట్టాలి."

"పూయకపోతే?"

"ఇప్పుడు పెడుతున్నదెవరు?" అంది.

పద్మారావు నగర్‌లో మా ఫ్లాటు బాల్కనీలో పాత బకెట్టుకు చిల్లులు పొడిచి నాటింది. ఆ ఏడు పూయలేదు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే మనిషి, ఒప్పుకుంటుందా? "వచ్చే ఏడు చూడండి" అంది. ఎండలు ముదరకముందే గుండెపోటుతో తనే వెళ్ళిపోయింది.

మాకు పిల్లల్లేరు. ఇంట్లో నాతోపాటు ప్రాణమున్నది ఆ గడ్డి ఒక్కటే. టీవీ పెడితే గొంతులు వినిపించేవి గానీ, అన్నం తిన్నావా అని ఒక్కటీ అడిగేది కాదు. పొద్దున లేస్తూనే గడ్డి దగ్గరికి పోయేవాణ్ణి. అది పూయాలనీ, నేను ఓడిపోవాలనీ ఎంత కోరుకున్నానో! ఫొటో తీసి ఫోన్‌ని అడిగితే ఒకరోజు నిమ్మగడ్డంది, ఇంకోరోజు సజ్జంది. ఆకు నలిపి చూశాను, నిమ్మ వాసన లేదు. పక్క ఫ్లాటాయన "గేదెనెప్పుడు తెస్తున్నరు సార్?" అని నవ్వాడు. ఆ వానాకాలమూ అది పూయలేదు.

సంవత్సరీకం నాడు పురోహితుడు తెచ్చిన దర్భలు చాలలేదు. మా తమ్ముడు చటుక్కున లేచి బాల్కనీలోకి వెళ్ళాడు. "ఇంట్లోనే దర్భ పెంచుతూ చెప్పవేంటన్నయ్యా!" అంటూ వంటింటి కత్తెరతో మొదలంటా కోసి తెచ్చాడు.

పురోహితుడు ఒక పోచ వేళ్ళతో నలిపి, "దర్భ కాదిది. పోనీలెండి, మనసు ముఖ్యం" అని పవిత్రం చుట్టి నా వేలికి తొడిగాడు. మంత్రాల మధ్య అరవలేక పళ్ళు బిగబట్టాను. తన గడ్డి ఉంగరంతోనే తనకు పిండం పెట్టాను. అందరూ భోజనాలు చేసి లేచాక తమ్ముణ్ణి నానా మాటలూ అన్నాను. "గడ్డే కదన్నయ్యా" అని వాడు బిత్తరపోయాడు. మా పందెం సంగతి వాడికేం తెలుసు? నేనెవరికీ చెప్పలేదు.

బకెట్టులో బెత్తెడు మోళ్ళు మిగిలాయి. వాటికే నీళ్ళు పోస్తూ వచ్చాను. వానలు పడ్డాక కొత్త పోచలు వచ్చాయి, దుబ్బు ముందుకన్నా ఒత్తుగా పెరిగి బకెట్టు అంచుల మీదుగా కిందికి వంగింది. ఒక పొద్దున చూస్తే ఉడుత తోకంత వెన్నులు, లేత గులాబీ నూగుతో. అక్కడే కూలబడి ఏడ్చాను.

అయినా అది పువ్వేనన్న నమ్మకం చాలక ఒక వెన్ను తుంచుకుని బొల్లారం రోడ్డులో నర్సరీకి పోయాను. నర్సరీ ఆమె చూడగానే "ఫౌంటెన్ గ్రాస్ సార్. షోకు కోసం పెంచుతరు. ఏటా ఒకపారి కిందికి కోయాలె, అప్పుడే మంచిగ పూస్తది. కోసిండ్రా?" అంది.

"మా తమ్ముడు కోశాడు."

"మంచి పని చేసిండు."

ఇంటికి రాగానే వాడికి ఫోన్ చేసి, కోప్పడినందుకు ఏమీ అనుకోవద్దని చెప్పాను.

మర్నాడు పొద్దున్నే అటక మీదున్న ఫిల్టర్ దింపి కడిగి డికాషన్ వేశాను. తను పోయిన దగ్గర్నుంచీ వేణ్ణీళ్ళలో ఏదో పొడి కలుపుకుని తాగుతున్నవాణ్ణి. పందెం పందెమే కదా. పాలు కాచి, కాఫీ కలిపి రెండు గ్లాసుల్లో పోశాను. నా గ్లాసులో చక్కెర వేసుకుని, తన గ్లాసులో వెయ్యబోతూ ఆగిపోయాను. తనకు ఎన్ని చెంచాలు వెయ్యాలో నాకు తెలీదు.