పాయల నడుమ మొగ్గ

గోదావరిఖని బస్టాండులో, నేను వృక్షశాస్త్రం చెబుతానని తెలిసి పక్కనున్న పాత గని కార్మికుడు మాట కలిపాడు.

"సారూ, మా బొగ్గు బాయి నీళ్లు పోయే మోరీ కాడ ఒక మొక్కున్నది. కొమ్మ ప్రతి కొసకు రెండు పాయలైతది, పాయల నడుమ చిన్న మొగ్గ ఉంటది. ఏంది అది?"

"డైక్రానోప్టెరిస్ అనే ఫెర్న్ అలా ఉంటుంది. కానీ అది వానలు బాగా పడే కొండవాలుల్లోనే పెరుగుతుంది. ఈ ఎండలకు ఇక్కడ బతకదండీ" అన్నాను.

"జర వచ్చి చూడుండ్రి సారూ, దగ్గర్నే" అన్నాడు. అంతలో బస్సు రావడంతో ఎక్కేశాను.

ఆ మొగ్గ మాట మాత్రం నన్ను వదల్లేదు. తెలియనివాడు కల్పించి చెప్పగలిగేది కాదది. మరుసటి ఏడు ఆనవాళ్లు చెప్పి అడుగుతూ ఆయన క్వార్టర్ వెతుక్కుంటూ వెళ్లాను. ఆయన బైబిల్ తెరిచి, పేజీల మధ్య ఎండిన ఆకు చూపించాడు. ప్రతి చీలిక దగ్గరా మొగ్గ ఉంది. సందేహం లేదు, అదే.

"ఇప్పుడే వెళ్దాం, చూపించండి" అన్నాను.

"బాయి మూసిండ్రు సారూ. లోపలి నీళ్లు తోడిపోసే మోటర్లు బందైనయ్. ఆ నీళ్లకే అది పెరిగింది."

ఆకును జాగ్రత్తగా లోపల పెట్టి బైబిల్ మూశాడు.

"మీరు చెప్పిందే నిజమైంది. ఇక్కడ బతకలే."