బైబిలు మీద పెట్టిన కాగితం

సహోదరులారా, నా భర్తను సమాధి చేసిన మూడో రోజు ఆదరణ కూడికలో నేను పెట్టిన ఒక్క సంతకం నన్ను ఏళ్ల తరబడి ఏడిపించింది. ఆయన కిడ్నీ జబ్బుతో మంచం పట్టినప్పుడు, చోడవరం దగ్గరున్న మా ఎకరం చెరకు పొలాన్నీ ఇంటినీ ట్రస్టుగా రాయించి, వాళ్ల అన్నయ్యను, అంటే మా బావగారిని ట్రస్టీగా పెట్టారు. నేను బతికున్నంత కాలం దాని ఫలసాయం నాది, నా తర్వాత అన్నీ మా అమ్మాయివి. బావగారు సంఘపెద్ద కదా, ఇంక మాకు దిగులేమిటి అనుకున్నాం!

ఆదరణ కూడిక రోజు ప్రార్థన ముగిశాక బావగారు ఒక కాగితాన్ని తన బైబిలు మీద పెట్టి నా ముందుకు జరిపారు. పొలం కాగితాల్లో పేరు మార్పించడానికన్నారు. నాకు చదవడం రాక కాదు, ఏడో తరగతి దాకా చదివాను. పరిశుద్ధ గ్రంథం మీద పెట్టినదాన్ని చదివి చూస్తే దేవుణ్ణే అనుమానించినట్టని, కళ్లు తుడుచుకుని సంతకం పెట్టేశాను. నా హక్కులన్నీ ఆయనకు వదులుకుంటున్నానని అందులో ఉందట! ఆ ఏడాది చెరకు ఆయనే ఫ్యాక్టరీకి తోలుకున్నారు, తర్వాత ఇల్లు కూడా ఖాళీ చేయమన్నారు.

కె.కోటపాడులో మా అమ్మ ఇంటి వసారాలో కూతురితో తలదాచుకుని, ఉపవాసాలుండి నేను చేసిన ప్రార్థన చెప్పడానికి సిగ్గుపడుతున్నాను. "ప్రభువా, నా మొగుణ్ణి తీసుకెళ్లిపోయేవు, ఆ మనిషిని కూడా తీసుకెళ్లిపో." సంఘంలో స్తోత్రాలు పాడుతూ కూడా లోపల అదే అడిగేదాన్ని.

చివరికి పాస్టరమ్మగారికి అంతా చెప్పుకున్నాను. ఆవిడ ఓదార్చలేదు. "ప్రార్థన సేస్తన్నావు సరే, నీ మొగుడు రాయించిన కాగితం ఎప్పుడైనా సదివేవా?" అని అడిగి, నన్ను రిజిస్ట్రారు ఆఫీసుకు తీసుకెళ్లి నకలు తీయించారు. ఆ నకలుతో కోర్టుకెళ్లాం. ట్రస్టీ కాపలాదారుడే గానీ సొంతదారుడు కాడని, మోసంతో పెట్టించుకున్న, రిజిస్టరు కూడా కాని ఆ సంతకం చెల్లదని వకీలుగారు వాదించారు. నాలుగేళ్లు తిరిగాక కోర్టు ఒప్పుకుని, బావగారిని తప్పించి పొలం, ఇల్లు మాకు ఇప్పించింది. దేవునికే మహిమ!

కానీ నాకు విడుదల కలిగింది ఆ రోజు కాదు. తీర్పు వచ్చిన నెలకే బావగారికి పక్షవాతం వచ్చి మాట పడిపోయిందని తెలిసింది. నేను సంతోషించలేదు సహోదరులారా, నేనడిగింది దేవుడు ఇచ్చేస్తున్నాడేమోనని వణికిపోయాను! పరుగున వెళ్లి ఆయన మంచం పక్కన మోకరించాను. "ప్రభువా, నేనడిగింది ఇవ్వకు," అని గట్టిగా ఏడ్చాను. ఆయన కూడా ఏడ్చారు.

మాట ఇంకా రాలేదు. నేను వెళ్లి ప్రార్థిస్తూనే ఉన్నాను. మీలో ఎవరైనా మీకు అన్యాయం చేసినవారి చావు కోరుతుంటే, రండి, నా పక్కన మోకరించండి. ఆ ప్రార్థన నుంచి నన్ను విడిపించినవాడు మిమ్మల్నీ విడిపిస్తాడు.