నాన్న బొట్టు పెట్టిన నట్టు

నాన్న సముద్రం ఒడ్డున బెలూన్ల కొట్టు పెట్టేవాడు. గుడ్డ తెరకు బెలూన్లు వరసగా కట్టి, వచ్చినవాళ్ల చేతికి ఎయిర్ గన్ ఇచ్చి కాల్పించేవాడు. ఆయన పోయి నెల కాలేదు. పోయే ముందు రోజే బండి మీంచి తుపాకీ కిందపడి గొట్టం వంగింది. మార్చడానికి పాత గొట్టం ఒకటి దొరికింది గానీ, దాన్ని పట్టి ఉంచే నట్టు ఊడి రాదే!

దానికి కారణం మా నాన్న భక్తే. ప్రతి ఆయుధపూజకూ తుపాకీకంతా నూనె రాసి, ఆ నట్టు మీద మాత్రం గంధం, కుంకుమ పెట్టేవాడు. మళ్లీ పూజ వచ్చేదాకా ఎవరూ తుడవకూడదు. తడి గంధం మరల్లోకి దిగి తుప్పు పట్టింది. ఆమధ్య పటకారుతో తిప్పబోయి నట్టు మూలలన్నీ తనే అరగదీశాడు. ఇక స్పానర్ పట్టదు. ఏం మనిషో!

"ఈ గన్ను పోతే నేనింక కొట్టు పెట్టను," అంది అమ్మ. కొట్టు లేకపోతే అమ్మ గోడకేసి చూస్తూ కూర్చుంటుంది. ఇప్పటికే అలా కూర్చుంటోంది. నాకైతే ఏడుపు కూడా రావడం లేదు. ఎవరైనా పలకరిస్తే ఊ అంటున్నాను, అంతే.

ఉప్పళం పేటలో లేత్ షెడ్డు నడిపే మామ, అమ్మకు వరసకు తమ్ముడు, ఇంటికే వచ్చాడు. కిరసనాయిలు పోశాడు, సుత్తితో తట్టాడు. కదల్లేదు.

"నట్టును మంట పెట్టి కాల్చాల అక్కా, లేకుంటే రంపంతో కోయాల. ఎట్లైనా బొట్టు పోతాది."

"బొట్టు పోకుండా కుదరదా?"

"యాడ కుదురుతాది?"

అమ్మ నా వైపు తిరిగింది. "ఏందే, నువ్వేమంటావు?"

"నీ ఇష్టం," అన్నాను. ఒళ్లు మండిపోయి చూసింది. నాకు నిజంగానే ఏమీ అనిపించలేదు.

"మాడ్చొద్దు రా. కొయ్యి," అంది చివరికి.

మామ రంపం నెమ్మదిగా ఆడించాడు. పళ్లు కాస్త ఎక్కువ దిగి కింది మరలు తెగితే తుపాకీ పాత ఇనప సామాన్లకే. గంధం పెళ్లలుగా రాలుతుంటే అమ్మ పట్టుకోవడానికి చెయ్యి చాపింది, మళ్లీ వెనక్కి తీసుకుంది. ఉలి పెట్టి ఒక్కటి కొట్టగానే నట్టు రెండుగా విడిపోయింది. మరలు బాగానే ఉన్నాయి. వాటి నిండా ఎర్రటి పొడి. ఏది తుప్పో, ఏది కుంకుమో తెలియలేదు.

అమ్మ ఆ పొడిని బొటనవేలికి తీసుకుని, తుపాకీకి చెంప ఆనించే కట్టె మీద బొట్టు పెట్టింది. "ఇంక ఈడనే. కొత్త నట్టుకు నూనె రాయి," అంది నాతో.

మామ ఆ దొరికిన గొట్టం పెట్టి, కొత్త నట్టు బిగించాడు. నేను పెరటి గోడకు బెలూన్ కట్టాను. ఎప్పుడూ తుపాకీ పేల్చని అమ్మ దాన్ని ఎత్తి చెంపకు ఆనించుకుంది. గురి చూడ్డానికి చాలాసేపు పట్టింది. బెలూన్ పేలింది.

తుపాకీ దించాక చూస్తే అమ్మ చెంప మీద ఎర్రగా నాన్న కుంకుమ. మామ తల తిప్పుకున్నాడు. నేను ఇంకో బెలూన్ తీసి ఊదడం మొదలుపెట్టాను. తుడుచుకోమని అమ్మకు నేను చెప్పలేదు.