నవ్వే బొమ్మ మీద వేలు

ఆ ఆసుపత్రి అత్యవసర విభాగంలో ఆమెను చాటుగా గడియారం సిస్టర్ అనేవారు. ఎదురుగా మాత్రం సిస్టర్‌గారే. ఇరవై తొమ్మిదేళ్ళ సర్వీసులో ఒక్క నిమిషం ఆలస్యంగా వచ్చిన, ఒక్క చార్టు ఖాళీగా వదిలిన మనిషి కాదు. ఆటిజం, మేధో వైకల్యం ఉన్న రోగులతో ఎలా మెలగాలో నేర్పే శిక్షణను మాత్రం డ్యూటీ సాకు చెప్పి రెండుసార్లు ఎగ్గొట్టింది. మూడోసారి మేట్రనే ఆమె పేరు రాసి మరీ పంపింది.

అలాంటి శిక్షణల సంగతి ఆమె ఎరగనిది కాదు. ఎవరో వచ్చి కరుణ గురించి గంటసేపు దంచుతారు. అందరూ తలలూపి, టీ తాగి, సంతకాలు పెట్టి పోతారు. కరుణ చాలక చచ్చినవాళ్ళు తక్కువ, అడగాల్సిన ప్రశ్న ఎవరూ అడగక పోయినవాళ్ళే ఎక్కువ. అదీ ఆమెకు తెలుసు. ఎగ్గొట్టింది అందుకే.

పాఠం చెప్పడానికి లేచిన మనిషిని చూడగానే గుర్తుపట్టింది. నాలుగేళ్ళ కిందట చెల్లెల్ని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చిన అక్క.

ఆ చెల్లెలికి ఇరవై ఆరేళ్ళు, ఆటిజం. మాటలు అంతంతమాత్రం. కడుపునొప్పేమోనని అక్క అనుమానం. సిస్టర్ అలవాటు ప్రకారం నొప్పి అట్ట తీసింది. నవ్వే ముఖం నుంచి ఏడ్చే ముఖం దాకా ఆరు బొమ్మలు, కింద అంకెలు. రోగి వేలు పెట్టిందే రాయాలి, పక్కవాళ్ళు చెప్పింది కాదు అన్నది ఆమె పట్టు. మొగుళ్ళూ అత్తలూ జవాబు చెప్పబోతే ఊరుకునేది కాదు. అందుకు ఆమెకు మంచి పేరు కూడా. ఆ పిల్ల నవ్వే బొమ్మ మీద వేలు పెట్టింది.

"దానికా బొమ్మంటే ఇష్టమండీ. ఎక్కడ కనబడినా ముట్టుకుంటుంది," అంది అక్క. రోజంతా కూనిరాగం తీసే పిల్ల పొద్దుటినుంచి నోరు మెదపలేదని, తన భయమంతా అదేనని కూడా చెప్పింది.

"నెమ్మదిగా కూర్చుందిగా అమ్మా, ఇంకేం కావాలి?" అని సిస్టర్ చార్టులో సున్నా వేసింది. సున్నా కనక వంతు చివరికి పోయింది. నాలుగు గంటలు బయట బల్ల మీదే. అపెండిక్స్ పగిలింది. మూడో రోజుకి మనిషి లేదు. విచారణలో చార్టు చూసి, సిస్టర్ తప్పేమీ లేదన్నారు. ఆ మాట విని కాస్త ఊరట పొందినందుకు ఆమె తనను తాను ఇప్పటికీ క్షమించుకోలేదు.

అక్క పాఠంలో తిట్లు లేవు. అట్ట ఎత్తి చూపి, జరిగింది జరిగినట్టు చెప్పింది. మామూలుగా ఎలా ఉంటారు, ఇవాళ తేడా ఏమిటి అని ఇంట్లోవాళ్ళను అడగమంది, అంతే.

"ఎవరో ఆ మహాతల్లి, కళ్ళు నెత్తికెక్కి ఉంటాయి," అని వెనక వరుసలో ఒక నర్సు గొణిగింది. సిస్టర్ తల వంచుకుంది.

గది ఖాళీ అయ్యాక అక్క దగ్గరికి వెళ్ళింది.

"ఆ సున్నా వేసింది నేనే."

"తెలుసు," అంది అక్క, అట్టను సంచిలో పెట్టుకుంటూ. "రెండు బ్యాచ్‌ల నుంచీ మీకోసమే చూస్తున్నా."

తిడితే బాగుండునని నిలబడ్డ సిస్టర్‌తో అక్క అంది, "నేను చెబితే అయ్యో అని ఊరుకుంటున్నారు. రేపు మీరొచ్చి చెప్పండి సిస్టర్. మీరు చెబితే భయపడతారు."

"రేపు నాకు డ్యూటీ." నోటికి అలవాటైన మాట, వచ్చేసింది. నాలుక కరుచుకునేలోపే అక్క తలూపి, సంచి భుజాన వేసుకుని గుమ్మం దాటింది.

సిస్టర్ మేట్రన్ గదికి వెళ్ళి డ్యూటీ మార్పు కాగితం అడిగింది. కారణం అన్నచోట 'శిక్షణ' అని రాసింది. ఏనాడూ ఒక్క కొట్టివేత లేకుండా రాసిన చెయ్యి ఆ మాటను అడ్డంగా కొట్టేసింది. కింద, 'నేను వేసిన సున్నా గురించి చెప్పాలి' అని రాసి సంతకం పెట్టింది.