గ్లాస్గోలో ఆయ్‌నా, అవనిగడ్డలో రెండెకరాలు

శనివారం పొద్దున ఏడుం పావుకి మిల్టన్ కీన్స్‌లో ఇంటికి తాళం వేసి బయలుదేరాను. భుజాన ఒకటే సంచి. అందులో ఒక జత బట్టలు, బీపీ మాత్రలు, ప్లాస్టిక్ కవర్లో నాలుగు పేజీల అంగీకార పత్రం. అవనిగడ్డ దగ్గర మాకున్న రెండెకరాల మాగాణి అమ్మాలంటే మా అన్నయ్య సంతకం కావాలి. అమ్మ పోయాక నేను అమ్మేద్దామన్నాను, ఆయన వద్దన్నాడు. ఫోన్లోనే అరుచుకున్నాం. ఆ తర్వాత ఆరేళ్ళు మాటల్లేవు. ఈలోగా, గ్లాస్గోలో డాక్టరుగా చేసి రిటైరైన అన్నయ్య హవాయి దీవులావిడని పెళ్ళి చేసుకుంటే ఆ పెళ్ళికీ నేను వెళ్ళలేదు. పోయిన నెల ఆవిడే మెసేజ్ పెట్టింది, ఒకసారి భోజనానికి రమ్మని. వస్తానన్నాను. కాగితాల సంగతి మాత్రం రాయలేదు.

ఆ దారిన వెళ్ళేవాళ్ళ కోసం చెప్తున్నాను. గ్లాస్గోకి నేరుగా వెళ్ళే రైలు చూసుకోండి, మధ్యలో దిగి మారే బాధ ఉండదు. టికెట్ ముందుగా కొంటే బాగా తగ్గుతుంది. ఎడమవైపు కిటికీ పక్కన కూర్చుంటే లాంకాస్టర్ దాటాక కాసేపు సముద్రం కనిపిస్తుంది. తినడానికి ఇంటినుంచే తీసుకెళ్ళండి. విడాకులైన దగ్గర్నుంచి ఒక్కడి కోసం పొయ్యి వెలిగించడమంటే నాకు బద్ధకం. అందుకే స్టేషన్లో కొన్న చల్లటి చీజ్ శాండ్‌విచ్ నములుతూ కూర్చున్నాను.

పక్క సీటమ్మాయిది నల్గొండ. ప్రెస్టన్‌లో మాస్టర్స్ చదువుతోందట. నా ఫోన్లో తెలుగు అక్షరాలు చూసి పలకరించి, డబ్బాలోంచి సగం పులిహోర మూతలో పెట్టి నాకిచ్చింది.

"గ్లాస్గోల ఎవరున్నరు అంకుల్?" అని అడిగింది.

"మా అన్నయ్య."

"మా అన్నకు నేను ఫోన్ చేస్తే రెండు నిమిషాలు మాట్లాడడు. మీరు గింత దూరం పోతున్నరు చూడండి."

ఒళ్ళో ఉన్న సంచిని కాళ్ళ కిందికి తోసేశాను. ఆ పిల్ల ప్రెస్టన్‌లో దిగిపోయాక పక్క సీట్లోకి ఎవరూ రాలేదు.

ఒంటిగంట దాటాక గ్లాస్గో సెంట్రల్‌లో దిగాను. స్టేషన్‌కి నాలుగడుగుల దూరంలోనే హోటల్ తీసుకున్నాను. గది చిన్నదే గానీ శుభ్రంగా ఉంది. రిజిస్టర్ రాసుకుంటున్నామె, "ఊరికి పని మీద వచ్చారా, చుట్టాల కోసమా?" అని అడిగింది. పని మీదే అన్నాను. సాయంత్రమంతా వాన. సొంత అన్న ఉన్న ఊళ్ళో హోటల్ మంచం మీద కూర్చుని టేకవే చిప్స్ తింటుంటే ఏడుపొచ్చినంత పనైంది. అన్నయ్యకి ఫోన్ చేద్దామని రెండుసార్లు తీసి, పక్కన పెట్టేశాను.

ఆదివారం పదిన్నరకి లోకల్ రైలెక్కి, ఇంచుమించు అరగంటలో బేర్స్‌డెన్‌లో దిగాను. అన్నయ్య ప్లాట్‌ఫాం మీద గొడుగుతో నిలబడి ఉన్నాడు. చిక్కిపోయాడు. ఆరేళ్ళ తర్వాత ఆయన నోట వచ్చిన మొదటి మాట, "ఏరా, టిఫిన్ చేశావా?"

లేదన్నాను.

వదిన పేరు లేలాని. తలంతా తెల్లబడింది, మనిషి పొడగరి. గుమ్మంలోనే "తమ్ముడూ, రా" అంది తెలుగులో. అన్నయ్య నేర్పిన నాలుగు మాటల్లో అదొకటట. మిగతాదంతా ఇంగ్లీషే. బల్ల మధ్యలో మూతపెట్టిన చెక్క గిన్నె ఉంది. మూత తీస్తే లోపల లేత వంగపండు రంగులో ముద్దగా ఏదో ఉంది. పోయ్ అంటారట. చేమదుంపలు మెత్తగా ఉడకబెట్టి, దంచి, నీళ్ళు కలిపి రెండ్రోజులు పులియబెడతారు. వేలితో తీసుకుని నాకడమే. నాలిక మీద పెట్టుకుంటే అచ్చం పులిసిన తరవాణి రుచి.

రెండు ముద్దలయ్యాక నేను సంచి మీదికి వంగాను. "అన్నయ్యా, ఆ పొలం సంగతి..." అన్నానో లేదో వదిన చెయ్యి అడ్డం పెట్టింది.

"గిన్నె మూత తీసి ఉన్నంతసేపు పోట్లాటలు, బేరాలు కూడదు. మా ఇళ్ళల్లో అదొక పద్ధతి. పెద్దన్న చూస్తున్నాడు" అంది.

ఏ పెద్దన్న అని అడిగాను. ఆవిడ గిన్నె వైపు చూపించింది. వాళ్ళ కథలో మొదటి బిడ్డ పురిట్లోనే పోతే మట్టిలో పాతిపెట్టారట. ఆ చోట చేమ మొలిచింది. తర్వాత పుట్టిన తమ్ముడు మొదటి మనిషి. అన్న తిండి పెడతాడు, తమ్ముడు అన్నని కనిపెట్టుకుని ఉంటాడు. అందుకే నేలని వాళ్ళు ఆయ్‌నా అంటారు. తిండి పెట్టేది అని ఆ మాటకి అర్థమట.

"పుట్టిన చోటూ ఆయ్‌నాయే. ఊరు ఎరిగినవాణ్ణి ఆయ్‌నా బిడ్డ అంటాం. మట్టి పని చేసేవాళ్ళ పేర్లోనూ అదే మాట. నాకూ అన్నీ తెలీవు. మా అమ్మమ్మకి తెలుసు. నేను ఇంగ్లీషు బళ్ళో చదివాను" అంది వదిన. ఆ చివరి మాట అనేటప్పుడు గొంతు తగ్గించింది.

మాకూ నేలకి మాటలు తక్కువేం లేవు. మెట్ట, మాగాణి, పోరంబోకు, బీడు. ఇవన్నీ పాస్‌బుక్కులో రాసుకునేవే. ఆ రెండెకరాలు మాకేం పెట్టాయో ఆరేళ్ళలో ఒక్కసారీ తలచుకోలేదు.

అన్నయ్యే అన్నాడు, "కాలవ గట్టు మీద చేమ మొలిచేది, గుర్తుందా? అమ్మ పులుసు పెడితే నీ గిన్నెలోవి కూడా నేనే తినేసేవాణ్ణి."

"చేతులు దురదలెక్కేది మాత్రం నాకు. తవ్వేది నేనే కదా" అన్నాను. ముగ్గురం నవ్వుకున్నాం. అలా నేనీమధ్య నవ్వింది లేదు.

ఒకటిన్నరకి కాఫీలైనాయి. గిన్నె అడుగంటింది. మూత పెట్టబోతే అన్నయ్య నా చెయ్యి పట్టుకుని "ఉండనీరా" అన్నాడు. రెండున్నరకి నేను లేచేదాకా ఆ గిన్నె అలాగే తెరిచి ఉంది. నేనెందుకొచ్చానో ఆయనకి మొదట్నుంచీ తెలుసునని అప్పుడర్థమైంది. నాకు సిగ్గేసింది.

నా రైలు మూడూ నలభైకి. అన్నయ్య సెంట్రల్ దాకా వచ్చాడు. ప్లాట్‌ఫాం దగ్గర బెంచీ మీద కూర్చుని కళ్ళద్దాలు పెట్టుకున్నాడు.

"కాగితాలు తియ్యి. ఇక్కడ గిన్నె లేదుగా."

తీసిచ్చాను. చదవలేదు. తిన్నగా చివరి పేజీకి వెళ్ళాడు. సంతకం పెట్టాల్సిన చోట వేలు ఆనించి, "నువ్వూ ఒక్కడివే ఉంటున్నావు. డబ్బు అవసరం ఉండొచ్చు. నేను అడగను. ఇది పెట్టేశాక మాత్రం నన్ను తిట్టడానికైనా ఫోన్ చేస్తావో లేదో" అన్నాడు. తర్వాత చెయ్యి చాపాడు. "పెన్నివ్వు."

పెన్ను నా చొక్కా జేబులోనే ఉంది.

"తేలేదన్నయ్యా" అన్నాను.

ఆయన నా జేబు వంక ఒకసారి చూశాడు. కాగితాలు మడిచి కవర్లో పెట్టి నా చేతికిచ్చాడు. "అయితే ఈసారి వచ్చినప్పుడు తెచ్చుకో" అన్నాడు. రైలు కదిలేదాకా అక్కడే ఉన్నాడు.

తిరుగు ప్రయాణంలో కార్లైల్ దాకా ఎండ కాసింది. ఎదురు సీట్లో ముసలావిడ స్వెటర్ అల్లుకుంటూ, ఎక్కణ్ణించి వస్తున్నారని అడిగింది. మా అన్నయ్యగారింటి నుంచి అన్నాను. ఎంత చిన్న మాట, ఎన్నాళ్ళకి అన్నానో. గ్లాస్గోలో చూడదగ్గవి ఏమిటో నన్నడక్కండి. ఒక వీధి, ఒక వంటగది, రెండు ప్లాట్‌ఫాంలు చూశాను. ఇంటికెళ్తే మళ్ళీ నేనూ, ఫ్రిజ్ చప్పుడూ. ఆ సంగతేం మారలేదు.

ఆక్సెన్‌హోమ్ దగ్గర అవనిగడ్డ నుంచి ఫోన్ వచ్చింది. పొలం బేరం కుదిర్చిన మధ్యవర్తి. నాకంటే ఆయనకే తొందర. కందకు లేని దురద కత్తిపీటకెందుకో.

"సంతకం అయిపోయిందాండీ?" అన్నాడు.

"లేదండీ" అన్నాను. "దానికి నేను ఇంకా చాలాసార్లు వెళ్ళాల్సి ఉంటుంది."